శాంటా క్రూజ్ ద్వీపంలో ఒక పగలు, ఒక రాత్రి: బోటు టికెట్టు నుంచి తిరుగు ప్రయాణం దాకా సమగ్ర మార్గదర్శి

దక్షిణ కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా పసిఫిక్ మహాసముద్రంలో ఉన్న అనకాపా, శాంటా క్రూజ్, శాంటా రోజా, శాన్ మిగెల్, శాంటా బార్బరా అనే ఐదు ద్వీపాలను కలిపి 1980లో ఛానల్ ఐలాండ్స్ నేషనల్ పార్కుగా ప్రకటించారు. వాటిలో అన్నిటికంటే పెద్దది శాంటా క్రూజ్. దాని వైశాల్యం సుమారు 96 చదరపు మైళ్ళు, అంటే దాదాపు 250 చదరపు కిలోమీటర్లు. ఇందులో నాలుగింట మూడు వంతులు నేచర్ కన్సర్వెన్సీ అనే స్వచ్ఛంద సంస్థ అధీనంలో ఉండగా, తూర్పు వైపున మిగిలిన పావు వంతు పార్కుకు చెందుతుంది. మనం బోటు దిగేదీ, టెంటు వేసుకునేదీ ఆ తూర్పు కొసన ఉన్న స్కార్పియన్ యాంకరేజ్ అనే చిన్న రేవులోనే.

లాస్ ఏంజెలిస్ నుంచి కారులో గంటన్నర, వెంచురా రేవు నుంచి బోటులో మరో గంట వెళితే ద్వీపం చేరుకోవచ్చు. దూరం ఇంత తక్కువ కావడంతో చాలామంది దీన్ని బీచి పిక్నిక్ లాంటిదే అనుకుంటారు. నిజానికి ద్వీపంలో దుకాణం లేదు, హోటలు లేదు, వాహనం లేదు, చెత్తకుండీ కూడా లేదు. ఫోను సిగ్నలు దాదాపు ఎక్కడా అందదు. వెంట తీసుకువెళ్ళినదే ఉంటుంది, మిగిలినదంతా వెనక్కి మోసుకు రావాలి, తిరిగి వచ్చే వేళను బోటూ సముద్రమూ నిర్ణయిస్తాయి. అందువల్ల ఈ ప్రయాణంలో కష్టమైన పనంతా ఇంటి దగ్గరే జరుగుతుంది. ఈ వ్యాసంలో సగానికి పైగా సన్నాహం గురించే ఉండటానికి కారణం అదే.

ముందుగా పేరు విషయంలో ఒక హెచ్చరిక. శాన్ హోసే పరిసరాల్లో ఉండే మనవాళ్ళకు బాగా తెలిసిన శాంటా క్రూజ్ పట్టణానికీ ఈ ద్వీపానికీ ఏ సంబంధమూ లేదు. ఆ పట్టణం నుంచి వెంచురా రావడానికి కారులో నాలుగైదు గంటలు పడుతుంది. అలాగే శాంటా బార్బరా నగరం ద్వీపానికి ఎదురుగానే కనిపించినా, ప్రయాణికుల బోటు బయలుదేరేది అక్కడి నుంచి కాదు. కారులో చిరునామా పెట్టుకునేటప్పుడు వెంచురా హార్బర్ అనీ, వీధి పేరు స్పిన్నేకర్ డ్రైవ్ అనీ చూసుకోవాలి.

ఏ ద్వీపానికి వెళ్ళాలి

మొదటిసారి వెళ్ళేవారు శాంటా క్రూజ్‌నే, అందులోనూ స్కార్పియన్‌నే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. అనకాపా తీరానికి ఇంకా దగ్గర, సుమారు 12 మైళ్ళే. కానీ అక్కడ దిగగానే 157 మెట్లు ఎక్కాలి, తాగునీరు దొరకదు, వసంతకాలం నుంచి వేసవి నడుమ వరకు వేలాది సముద్రపు కాకులు గూళ్ళు కట్టి రాత్రింబగళ్ళు అరుస్తూనే ఉంటాయి. నీళ్ళూ టెంటూ భుజాన వేసుకుని 157 మెట్లు ఎక్కడం పగటి యాత్రలో ఒక సరదా కావచ్చు గాని రాత్రి బసకు అది శిక్షే. శాంటా రోజాలో ఇసుక తీరాలు చాలా అందమైనవే అయినా బోటు ప్రయాణానికి రెండున్నర గంటలకు పైగా పడుతుంది, గాలి కూడా విపరీతంగా వీస్తుంది. శాన్ మిగెల్ మరీ దూరం; ఒకప్పుడు అక్కడ సైన్యం బాంబు ప్రయోగాలు జరిపినందున, పేలని గుండ్లు ఇంకా ఉండవచ్చనే అనుమానంతో, ప్రయాణికులు ప్రత్యేక అనుమతి పత్రం మీద సంతకం చేసి గాని అడుగు పెట్టకూడదు.

స్కార్పియన్‌లో తాగునీటి కొళాయి ఉంది. ద్వీపంలో బస చేయడమంటే సగం బరువు నీళ్ళదే కాబట్టి ఈ ఒక్క సౌకర్యమే మొత్తం ప్రయాణాన్ని తేలిక చేస్తుంది. పైగా బోటు దిగిన చోటి నుంచి బస స్థలం అర మైలు దూరంలోనే మొదలవుతుంది, దారి చదునుగా ఉంటుంది. యూకలిప్టస్ చెట్ల నీడ కూడా ఉంది. పూర్వం ఇక్కడ గొర్రెల పెంపకం సాగించినవారు నాటిన జాతి అది.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను కూడా తీసుకువెళ్ళాలనుకునేవారు ఒకటి ఆలోచించాలి. అలల స్థితిని బట్టి జెట్టీ నుంచి ఇనుప నిచ్చెన ఎక్కవలసి రావచ్చు, లేదా చిన్న పడవలోకి మారి ఒడ్డున మోకాలి లోతు నీటిలో దిగవలసి రావచ్చు. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారికి ఇది ఏమాత్రం తగదు. అలాంటివారి కోసం ద్వీపంలో దిగకుండా, తీరం వెంబడి తిప్పి తిమింగలాలనూ సీళ్ళనూ చూపించి వెనక్కి తెచ్చే బోటు యాత్రలు అదే రేవు నుంచి ఉన్నాయి. కుటుంబం రెండు భాగాలుగా విడిపోయి, పెద్దలు ఆ యాత్రకూ పిల్లలూ తల్లిదండ్రులూ ద్వీపానికీ వెళ్ళడంలో తప్పేమీ లేదు.

ఏ నెలలో వెళ్ళాలి

ఆగస్టు చివరి నుంచి అక్టోబరు వరకు సముద్రం సాధారణంగా ప్రశాంతంగా, నీరు తేటగా ఉంటుంది. నీళ్ళలో దిగాలన్నా, చిన్న పడవ నడపాలన్నా అదే అనువైన కాలం. ద్వీపం మాత్రం అప్పటికి ఎండిపోయి గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. పచ్చని కొండలూ పూలూ చూడాలనుకుంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు వెళ్ళాలి, అయితే వసంతంలో వాయవ్యం నుంచి వీచే గాలులు బలంగా ఉండి బోటు బాగా ఊగుతుందని సిద్ధపడాలి. మే, జూన్ నెలల్లో పొద్దున్నంతా మంచు కమ్ముకుని, మధ్యాహ్నానికి గాని ఎండ రాదు.

తిమింగలాలే ముఖ్యమనుకునేవారు రెండు కాలాలను గుర్తుంచుకోవాలి. డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా అలాస్కా, మెక్సికో తీరాల మధ్య వలస సాగించే బూడిద రంగు తిమింగలాలు ద్వీపానికీ తీరానికీ మధ్య ఉన్న ఈ జలసంధి గుండా వెళతాయి. వేసవిలో నీలి తిమింగలాలు, హంప్‌బ్యాక్ తిమింగలాలు మేతకు వస్తాయి. డాల్ఫిన్లకు కాలంతో పనిలేదు. ఏడాది పొడవునా, ఒక్కోసారి వందల సంఖ్యలో, అవి బోటుతో పాటే ఈదుతూ కనిపిస్తాయి.

శరదృతువులోనూ చలికాలంలోనూ ఎడారి వైపు నుంచి వీచే శాంటా అనా అనే పొడి గాలుల సూచన ఉంటే ప్రయాణాన్ని వాయిదా వేసుకోవడమే మంచిది. స్కార్పియన్ రేవు తూర్పు, ఈశాన్య గాలులకు పూర్తిగా ఎదురుగా ఉంది. ఆ గాలి లేచిందంటే బోటు ఒడ్డుకు రావడమే కష్టమవుతుంది.

ముందు బోటు, ఆ తరువాతే బస

ఇక్కడ క్రమం తప్పితే డబ్బు నష్టపోతారు. టెంటు స్థలం దొరికి బోటులో చోటు దొరకకపోతే ఆ స్థలం వల్ల ప్రయోజనం లేదు కాబట్టి, పార్కు అధికారులు కూడా మొదట బోటు టికెట్టు తీసుకోవాలనే చెబుతారు. పార్కుతో ఒప్పందం ఉన్న ఐలాండ్ ప్యాకర్స్ అనే సంస్థ వెంచురా నుంచి బోట్లు నడుపుతుంది. టికెట్టు తీసుకునేటప్పుడు పగటి యాత్ర టికెట్టు వేరు, బస చేసేవారి టికెట్టు వేరు అన్నది గమనించాలి. బస చేసేవారికి సామాను చోటు కూడా కావాలి కనుక ఆ టికెట్లు పరిమితంగా ఉండి త్వరగా అయిపోతాయి. బోటు ఆగేచోటు స్కార్పియన్ అవునో కాదో కూడా చూసుకోవాలి, ఎందుకంటే అదే ద్వీపంలో ప్రిజనర్స్ హార్బర్ అనే మరో రేవుకు వెళ్ళే బోట్లూ ఉన్నాయి, అక్కడ దిగితే టెంటు స్థలం మైళ్ళ దూరంలో కొండల అవతల ఉంటుంది.

బోటు ఖాయం కాగానే అదే కూర్చున్నప్పుడు రిక్రియేషన్ డాట్ గవ్ సైటులో స్కార్పియన్ కాన్యన్ బసను బుక్ చేసుకోవాలి. నెలల ముందే బుకింగ్ తెరుచుకుంటుంది, వేసవి వారాంతాలు వెంటనే నిండిపోతాయి. పార్కులో ప్రవేశ రుసుము లేదు, టెంటు స్థలానికి మాత్రం రాత్రికి ఇంత అని చెల్లించాలి. దిగువ భాగంలోని స్థలాలు రేవుకు దగ్గర, ఎగువ భాగంలోనివి మరో అర మైలు లోపలికి ఉంటాయి. పిల్లలున్నవారికి దిగువ భాగం, నిశ్శబ్దం కావాలనుకునేవారికి ఎగువ భాగం నప్పుతాయి. ఒక్కో స్థలంలో ఎంతమంది ఉండవచ్చో రాసి ఉంటుంది. నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్ళేటట్లయితే బృందాల కోసం కేటాయించిన స్థలాన్నే తీసుకోవాలి. వీలైతే శుక్రవారం వెళ్ళి శనివారం రావడమో, వారం నడుమ వెళ్ళడమో మేలు.

సామాను సర్దడం

ప్రయాణంలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన ఘట్టం ఇది. మొదటి నియమం శుభ్రతకు సంబంధించినది. ద్వీపంలో మరెక్కడా లేని మొక్కలూ జంతువులూ ఉన్నందున, బయటి గింజలు, చీమలు, మట్టి అక్కడికి చేరకుండా పార్కు కఠినమైన నిబంధనలు పెట్టింది. చెప్పుల అడుగున అంటిన బురద కడిగి ఆరబెట్టాలి. టెంటును విప్పి దులపాలి, పోయినసారి మడిచినప్పుడు చిక్కుకున్న గడ్డి గింజలు అంచుల మడతల్లోనే ఉంటాయి. సంచుల జిప్పులూ సాక్సులూ వెతకాలి. అట్టపెట్టెలు, కట్టెలు, మొక్కలు తీసుకువెళ్ళకూడదు. భారతీయ దుకాణం నుంచి సరుకులు అట్టపెట్టెలోనే ఎత్తి కారులో పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. పెంపుడు జంతువులు, సైకిళ్ళు, డ్రోన్లు కూడా నిషిద్ధమే.

రెండవది బరువు. బోటు సంస్థ ఒక్కో సంచికి బరువు పరిమితి పెడుతుంది, అసలు పరిమితి మాత్రం మీ భుజాలదే. సామాను జెట్టీ నుంచి బస దాకా మీరే మోయాలి. చక్రాల సూట్‌కేసులు కంకర దారిలో కదలవు. పెద్ద ఐస్ పెట్టె ఒకటి తేవడానికి బదులు చిన్నవి రెండు తెచ్చుకుని ఇద్దరు చెరొకటి పట్టుకోవడం నయం. సంచులకు మూతి బిగుతుగా ఉండాలి, లోపలి బట్టలూ నిద్రసంచీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టాలి. చేతి నుంచి చేతికి అందించే సామానులో ఏదో ఒకటి ఉప్పునీటిలో తడిసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

బట్టల విషయంలో వెంచురా ఎండను చూసి మోసపోకూడదు. జూలైలో కూడా బోటు మీద చలిగాలి కొడుతుంది, రాత్రి ద్వీపంలో స్వెటరు లేకపోతే నిద్రపట్టదు. గాలిని ఆపే పైకోటు, చెవులు కప్పే టోపీ, ఎండకు అంచున్న టోపీ, సన్‌స్క్రీన్, తలకు కట్టుకునే దీపం, తడిసినా ఫరవాలేని చెప్పులు ఒక జత, నడకకు బూట్లు ఒక జత, ఇవి ప్రతి ఒక్కరికీ కావాలి. టెంటు మేకులు గట్టివి తెచ్చుకోవాలి. నేల గట్టిగా ఉంటుంది, గాలి మధ్యాహ్నం తరువాత పెరుగుతుంది.

ఇక తిండి. ద్వీపమంతటా కట్టెల మంట నిషిద్ధం, బీచిలో కూడా. గ్యాసుతో మండే మూసిన చిన్న పొయ్యి మాత్రమే వాడవచ్చు. ఆ పొయ్యి గ్యాసు డబ్బాను సంచిలో దాచిపెట్టకుండా, చెక్-ఇన్ దగ్గర సిబ్బందికి చెప్పి, వారు పెట్టమన్నచోట పెట్టాలి. వంట ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ఈ విషయంలో మన వంటలు అమెరికా క్యాంపింగ్ తిండి కంటే ఎన్నో రెట్లు అనువైనవి. చింతపండు పులిహోర మొదటి రోజు మధ్యాహ్నానికీ, అవసరమైతే రాత్రికీ సరిపోతుంది; పెరుగన్నం త్వరగా పులుస్తుంది కనుక దాన్ని మొదటి పూటకే పరిమితం చేయాలి. రవ్వను ఇంటి దగ్గరే పోపుతో సహా వేయించి డబ్బాలో పోసుకుంటే మరునాటి ఉదయం నీళ్ళు మరిగించి పోయడంతో ఉప్మా తయారవుతుంది. చపాతీలు, కందిపొడి, నెయ్యి, జంతికలు పాడయ్యేవి కావు. ఊరగాయ తప్పనిసరి అనుకుంటే స్క్రూ మూత ఉన్న చిన్న సీసాలో, దాన్ని మళ్ళీ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి. బోటు ఊపుకు నూనె కారి నిద్రసంచికి అంటుకుంటే ఆ రాత్రి నక్కలన్నీ మీ టెంటు చుట్టే తిరుగుతాయి.

వాతావరణం బాగోక బోటు రాని రోజులుంటాయి కాబట్టి, ఎంతమంది వెళుతున్నారో అంతమందికి ఒక రోజు అదనపు తిండీ, రోజూ వేసుకునే మందులూ తప్పక ఉండాలి. ఇది పార్కు వారు చెప్పే సలహానే. కొళాయి ఉన్నా మొదటి రోజు తాగడానికి మనిషికి రెండు లీటర్ల నీళ్ళు వెంట ఉంచుకోవడమూ, బయలుదేరే ముందురోజు పార్కు సైటులో కొళాయి పనిచేస్తున్నదీ లేనిదీ చూసుకోవడమూ వివేకం.

రేవు దగ్గర ఉదయం

బోటు వేళకు గంట ముందే రేవు చేరాలి. కారు నిలిపే చోటు వెతుక్కోవడానికీ, సామాను దింపడానికీ, చెక్-ఇన్‌కూ ఆ గంట సరిగ్గా సరిపోతుంది. సిబ్బంది సామానును వరుసగా పెట్టించి తనిఖీ చేస్తారు. మట్టి అంటిన సంచులను అక్కడే శుభ్రం చేయమంటారు. ఇంకా సమయం మిగిలితే అదే వీధి చివర ఉన్న పార్కు సందర్శకుల కేంద్రంలో ద్వీపాల నమూనా, పటాలు చూడవచ్చు.

సముద్రపు ఊపుకు కడుపులో తిప్పడం ఈ జలసంధిలో మామూలే. దానికి మందు వేసుకోవాలనుకునేవారు బయలుదేరడానికి గంట ముందే వేసుకోవాలి. బోటు ఊగడం మొదలయ్యాక వేసుకున్న మందు అంతగా పనిచేయదు. పిల్లలకూ, ఇతర మందులు వాడేవారికీ ముందుగా డాక్టరును అడగాలి. ఖాళీ కడుపుతోనూ, పూరీ కూర తిన్న నిండు కడుపుతోనూ ఎక్కకూడదు. రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో చాలు. బోటులో వెనుక భాగం, కింది అంతస్తు తక్కువగా ఊగుతాయి. కళ్ళు దిగంతం మీద నిలపాలి, ఫోను లోపల పెట్టాలి. లోపలి గదిలో కూర్చోవడం కంటే బయటి గాలే మంచిది. ఏమీ కానివారు ముందు భాగంలో నిలబడితే దృశ్యం బాగుంటుంది, తడుస్తారు కూడా.

కెప్టెన్ చెప్పే భద్రతా సూచనలను మాటల మధ్య వదిలేయకూడదు. 2019 సెప్టెంబరులో ఇదే ద్వీపం ఉత్తర తీరాన లంగరు వేసి ఉన్న ఒక డైవింగ్ బోటు రాత్రివేళ అగ్నికి ఆహుతై 34 మంది మరణించారు. అది రాత్రి బస చేసే బోటు, మనది పగటి బోటు. అయినా లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో, బయటికి దారి ఎటో ఎక్కగానే చూసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు.

జలసంధి దాటేటప్పుడు

రేవు దాటగానే నీటిపై తేలే దారి గుర్తుల మీద సీలయన్లు అనే సముద్ర జంతువులు, కాస్త దూరంలో చమురు తవ్వే వేదికలు, ఆ తరువాత లాస్ ఏంజెలిస్, లాంగ్ బీచ్ రేవులకు పోయే కంటైనరు ఓడలు కనిపిస్తాయి. డాల్ఫిన్లు గాని తిమింగలం గాని కనబడితే కెప్టెన్ బోటు వేగం తగ్గిస్తాడు, కనుక గంట ప్రయాణం గంటన్నర కావచ్చు. 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం కింద వాటిని వెంటాడడం, మేత వేయడం నేరం. పిల్లల చేతిలోని చిప్స్ ముక్క కూడా నీళ్ళలో పడకూడదు.

ఈ డాల్ఫిన్ల గురించి చూమాష్ ప్రజలకు ఒక పురాణ గాథ ఉంది. ఈ ద్వీపాన్ని లిమువ్ అని పిలుచుకునే ఆ మూలవాసులు, తమ పూర్వీకులను భూదేవి హుతాష్ ఇక్కడే సృష్టించిందని చెబుతారు. ద్వీపం నిండిపోయినప్పుడు ఆమె ప్రధాన భూభాగం దాకా ఇంద్రధనుస్సును వంతెనగా వేసిందట. దాటుతూ కిందికి చూసి కళ్ళు తిరిగి సముద్రంలో పడినవారిని మునిగిపోనివ్వకుండా డాల్ఫిన్లుగా మార్చిందట. చూమాష్ జనం పలకలను తాళ్ళతో కుట్టి, తారు పూసి చేసే తోమోల్ అనే పడవల్లో ఈ జలసంధిని ఎన్నో శతాబ్దాలు దాటారు. శతాబ్దానికి పైగా ఆగిపోయిన ఆ ప్రయాణాన్ని వారి వారసులు 2001లో మళ్ళీ మొదలుపెట్టారు.

దిగడం, టెంటు వేయడం

దిగేటప్పుడు తొందర పనికిరాదు. రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోవాలి, భుజానికి చిన్న సంచి తప్ప ఏమీ ఉండకూడదు. ముందు మనుషులు, తరువాత సామాను దిగుతాయి. ప్రయాణికులంతా వరుసగా నిలబడి సంచులను చేతి నుంచి చేతికి అందిస్తారు. మీ సామాను మీకు చేరగానే పక్కకు తప్పుకోకుండా చివరి సంచి దాకా నిలబడడం మర్యాద. ఆ తరువాత బోటు సిబ్బందిగాని, రేంజరు అనే పార్కు ఉద్యోగిగాని నిబంధనలు వివరిస్తారు, తిరుగు బోటు వేళ కూడా అప్పుడే మరొకసారి అడిగి రాసుకోవాలి.

బస స్థలంలో టెంటు కంటే ముందు చేయవలసిన పని తిండిని భద్రపరచడం. ప్రతి స్థలంలోనూ బల్లతో పాటు గడియ ఉన్న పెట్టె ఒకటి ఉంటుంది. తిండి, చెత్త, టూత్‌పేస్టు, సబ్బు, వాసన వచ్చే ప్రతి వస్తువూ అందులోనే ఉండాలి. ఇక్కడి బొంతకాకులు సంచుల జిప్పులు తెరవడం నేర్చాయి. అవి తెరిచిన సంచిలోకి నక్క వస్తుంది, నక్క వదిలినది ఎలుకకు పోతుంది. ద్వీపంలోని ఎలుకల్లో, మనుషులకు సోకితే ప్రాణాంతకం కాగల హంటా వైరస్ ఉన్నట్లు తేలింది కనుక, ఎలుక ముట్టిన తిండిని పారవేయాలి, రెట్టలు కనిపించిన చోట పడుకోకూడదు, టెంటు జిప్పు ఎప్పుడూ మూసే ఉంచాలి.

ఆ నక్కల విషయం కొంత వివరంగా చెప్పుకోవాలి. ఐలాండ్ ఫాక్స్ అనే ఈ జాతి ఛానల్ ద్వీపాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. పెంపుడు పిల్లి అంత పరిమాణంలో ఉండి, పట్టపగలే మనుషుల మధ్య తిరుగుతుంది. పూర్వం డీడీటీ అనే పురుగుమందు వల్ల ఇక్కడి బట్టతల గద్దలు నశించాయి. చేపలు తిని బతికే ఆ గద్దలు పోయిన చోటికి, ద్వీపంలో అడవి పందులుగా మారిన పెంపుడు పందుల పిల్లలను తినడానికి గోల్డెన్ ఈగిల్స్ అనే పెద్ద డేగలు వచ్చి చేరాయి, వాటి కన్ను నక్కల మీద పడింది. 1990లలో శాంటా రోజా, శాన్ మిగెల్ ద్వీపాల్లో చివరికి 15 చొప్పున నక్కలు మిగిలాయి. శాంటా క్రూజ్‌లో వందకు లోపు పడిపోయాయి. 2004లో వాటిని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. ఆ సంవత్సరానికి అటూ ఇటూ పందులను తొలగించి, గోల్డెన్ ఈగిల్స్‌ను ప్రాణాలతో పట్టి ప్రధాన భూభాగానికి తరలించి, బట్టతల గద్దలను తిరిగి తెచ్చి, నక్కలను బోనుల్లో పెంచి వదిలారు. 2016 నాటికి మూడు ద్వీపాల నక్కలూ ఆ జాబితా నుంచి బయటపడ్డాయి. అమెరికా చట్టం కింద ఇంత త్వరగా కోలుకున్న క్షీరదం అప్పటికి వేరొకటి లేదు. అంత శ్రమతో నిలబెట్టిన జంతువుకు జంతిక వేసి ఫోటో తీసుకోవడం ఎంత తప్పో పిల్లలకు ముందే చెప్పి తీసుకువెళ్ళండి.

పగలంతా ఏం చేయాలి

టెంటు వేసి, భోజనం ముగించేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఉన్న సమయంలో నడక, చిన్న పడవ రెండూ పెట్టుకోవచ్చు గాని, పడవ యాత్రను మరునాటి ఉదయానికి ఉంచుకోవడం ఉత్తమం. వాయవ్యపు గాలి మధ్యాహ్నం పెరుగుతుంది, ఉదయం నీరు తేటగానూ నిశ్చలంగానూ ఉంటుంది.

నడకల్లో తేలికైనది కావర్న్ పాయింట్ చుట్టుదారి. సుమారు రెండు మైళ్ళు, మూడు వందల అడుగుల ఎక్కుడు. పైనుంచి జలసంధి అంతా కనిపిస్తుంది. కొండ అంచు మెత్తని మట్టితో, కూలే స్వభావంతో ఉంటుంది కాబట్టి పిల్లల చేయి వదలకూడదు. ఓపిక ఉంటే అక్కడి నుంచి పొటాటో హార్బర్ వరకు సాగవచ్చు. రానూపోనూ సుమారు అయిదు మైళ్ళ ఆ దారి దాదాపు చదునుగా కొండ అంచు వెంబడే పోతుంది. సాయంత్రం ఎండ వాలేవేళ అక్కడ ఉండేలా బయలుదేరి, చీకటి పడకముందే వెనక్కి రావాలి. నా లెక్కలో ద్వీపం మొత్తంలో ఆ గంటకు సాటి లేదు. స్మగ్లర్స్ కోవ్ దారి రానూపోనూ ఏడున్నర మైళ్ళు, నీడ లేదు, ఎక్కుడుదిగుళ్ళు ఎక్కువ. ఒక్క రాత్రి ప్రయాణంలో దాన్ని ఇరికించవద్దు. బస దగ్గరి లోయలోనే కాస్త నడిస్తే ముదురు నీలి రంగు స్క్రబ్ జే పక్షి కనిపిస్తుంది. ఇది శాంటా క్రూజ్ ద్వీపానికి మాత్రమే పరిమితమైన జాతి, దీనికోసమే దూరదేశాల నుంచి పక్షి ప్రేమికులు వస్తారు. దారి పక్కన మూడేసి ఆకుల పాయిజన్ ఓక్ మొక్క ఉంటుంది, ముట్టుకుంటే దురద పుట్టి దద్దుర్లు లేస్తాయి.

గవ్వలు, రాళ్ళు ఏరుకు రాకూడదు. నేల మీద కుప్పగా కనిపించే గవ్వపెంకులు చాలాచోట్ల చూమాష్ ఊళ్ళ అవశేషాలు. గవ్వపూసలను డబ్బుగా వాడిన ఆ జనానికి ఈ ద్వీపమే టంకశాల. వాటిని కదిలించడం చట్టరీత్యా నేరం.

ఇక కయాక్ అనే తెడ్డుతో నడిపే చిన్న పడవ. స్కార్పియన్ పక్కనున్న కొండచరియల్లో సముద్రపు గుహలు వరుసగా ఉన్నాయి, మార్గదర్శకులతో అక్కడికి తీసుకువెళ్ళే ఏర్పాటు ద్వీపంలోనే ఉంది. అనుభవం లేనివారు సొంతంగా గుహల్లోకి వెళ్ళకూడదని నేను నొక్కి చెబుతాను. లోపల ఉండగా ఒక పెద్ద అల వస్తే పడవ పైకి లేచి కప్పుకు తగులుతుంది. హెల్మెట్, లైఫ్ జాకెట్ తప్పనిసరి. బంగాళాఖాతంలో ఈదినవారు ఇక్కడి నీటిని చూసి అదే అనుకోవద్దు. వేసవి చివరన కూడా ఇరవై డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ, చలికాలంలో పదమూడు, పద్నాలుగుకు దిగుతుంది, వెట్‌సూట్ అనే రబ్బరు దుస్తు లేకుండా ఎక్కువసేపు ఉండలేరు. తీరం వెంట ఉన్న సముద్ర సంరక్షణ పరిధిలో చేపలు పట్టకూడదు. ప్రపంచంలోని అతి పెద్ద సముద్ర గుహల్లో ఒకటైన పెయింటెడ్ కేవ్ కూడా ఈ ద్వీపానిదే, పావు మైలుకు దగ్గరగా లోపలికి సాగుతుంది. అది వాయవ్య తీరాన ఉన్నందున స్కార్పియన్ నుంచి కయాక్‌లో అందదు. దాన్ని చూడాలంటే అటువైపు వెళ్ళే బోటు యాత్రనే వేరుగా ఎంచుకోవాలి.

రాత్రి

పగటి ప్రయాణికుల బోటు సాయంత్రం వెళ్ళిపోగానే లోయ ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. వెలుతురు ఉండగానే వంట, భోజనం, గిన్నెలు ముగించాలి. గిన్నెలు కడిగిన నీటిలో మెతుకులు వడకట్టి చెత్తసంచిలో వేయాలి. మరుగుదొడ్లు ఉన్నాయి, ఫ్లష్ ఉండదు, చేతులు శుభ్రం చేసుకునే ద్రవం వెంట ఉంచుకోవాలి. విద్యుత్తు లేదు కనుక ఫోను చార్జింగ్‌కు చిన్న బ్యాటరీ కావాలి, ఫోను మాట్లాడటానికి కాక కెమెరాగా పనికివస్తుంది. చంద్రుడు లేని తిథి చూసుకుని వెళితే పాలపుంత స్పష్టంగా కనిపిస్తుంది. రాత్రి టెంటు బయట చెప్పులు వదలవద్దు, నక్క ఒకటి ఎత్తుకుపోతే మరునాడు బోటు దాకా ఒంటి చెప్పుతో నడవాలి.

ఎవరికైనా జబ్బు చేస్తే లేదా దెబ్బ తగిలితే ముందుగా రేంజరును వెతకాలి. సహాయం సముద్రం మీదుగానో హెలికాప్టరులోనో రావాలి, అందుకు గంటలు పట్టవచ్చు. అందువల్ల కట్టు గుడ్డలు, జ్వరం మాత్ర, విరేచనాలకు మందు, అలర్జీ మాత్ర ఉన్న చిన్న డబ్బా మీ దగ్గరే ఉండాలి.

తిరుగు ప్రయాణం

మరునాడు టెంటును విప్పేటప్పుడు మడతల్లో ఎలుక గాని బల్లి గాని లేదని దులిపి చూడాలి, ఎందుకంటే ద్వీపపు జీవి ప్రధాన భూభాగానికి రావడం కూడా అంతే హాని. చెత్త మొత్తం, అరటితొక్కతో సహా, వెంట రావాలి. స్థలం ఖాళీ చేసినా బోటు సాయంత్రమే కనుక, సామానును రేవు దగ్గరి పెట్టెల్లో ఉంచుకుని పాత గొర్రెల స్థావరపు ఇళ్ళూ పనిముట్లూ చూడవచ్చు. 1880లలో మొదలైన ఆ స్థావరం భవనం ఒకటి ఇప్పుడు చిన్న ప్రదర్శనశాల.

బోటు వేళకు అరగంట ముందే తీరంలో ఉండాలి. గాలి ఎక్కువైతే బోటు ముందుగా రావచ్చు, ఆలస్యంగా రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. రాకపోతే టెంటు మళ్ళీ వేసుకుని, అదనంగా తెచ్చిన తిండిని రెండు పూటలకు పంచుకుని, రేంజరు చెప్పేదాకా రేవుకు దూరంగా వెళ్ళకుండా ఉండాలి. ఇంటి దగ్గర ఉన్నవారికి ముందే ఈ సంగతి చెప్పి, మేం ఫలానా రోజు రాకపోతే కంగారు పడకుండా బోటు సంస్థ ఆఫీసుకు ఫోను చేయండి అని నంబరు రాసిచ్చి రావడం మంచిది. ఆదివారం రాత్రి వచ్చి సోమవారం ఉదయం విమానం ఎక్కే ఏర్పాటు మాత్రం పెట్టుకోకండి.